ఎనిమిది వేల పైన

పొద్దుటినుంచీ వాన. వాన అనకూడదేమో,
గొర్రెల మేత పొలం మీద ఎవరో తడిగుడ్డ పిండుతున్నట్టు.
ట్రాక్టరు ట్రాలీయే మా వేదిక,
పక్క రేకులకి ఇంకా కిందటేటి బంగాళదుంపల మట్టి.
ఎస్టోనియాలో ఈ మూల, లాత్వియా సరిహద్దుకి
మా ఊరు కూతవేటు దూరం.
నిన్న మైకు కుయ్యిమన్నప్పుడు
ఆ కూత నిజంగానే అటు పడి ఉంటుంది.

నాకు పదహారేళ్ళు. నా పని తీగలు.
ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు లోపల్నుంచి.
అలా చుడితేనే విసిరినప్పుడు సాఫీగా సాగుతుంది,
లేకపోతే మెలిపడి అలుగుతుంది.
నేర్పింది ఉర్వె.
ముప్పై నాలుగేళ్ళు రైల్వే సిగ్నళ్ళు చూసిన మనిషి,
ఇప్పుడు ప్రతి ఆగస్టులో పిల్లల సంగీతోత్సవానికి
జీతం లేని సౌండు ఇంజనీరు.
జీతం లేదన్నాను గానీ
రెండు పూటలా బఠాణీ సూపు పోస్తారు.

మా గుడారం జనం వెనకాల.
డ్రమ్ముల పిల్లాడి తల్లి వచ్చి
మావాడు వినపడట్లేదంటుంది.
గిటారు పిల్ల తండ్రి వచ్చి
ఆ డ్రమ్ముల మోత తగ్గించమంటాడు.
దేనికీ కలపని మీట ఒకటుంది మా బల్ల మీద.
ఉర్వె దాన్ని ఆవిడ ముందు కాస్త పైకి,
ఆయన ముందు కాస్త కిందికి జరుపుతుంది.
ఇద్దరూ థాంక్స్ చెప్పి వెళ్తారు.

మూడింటికి మైరిత్ ఎక్కింది.
పన్నెండేళ్ళుంటాయేమో. ఒళ్ళో చేటంత కన్నెల్,
బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు తీగల మీద వేళ్ళు.
శబ్దం మాత్రం మూడో వరస దాటలేదు.
ఉర్వె మీట పెంచింది. ఇంకాస్త. ఇంకాస్త.
అప్పుడెక్కడో పైన మొదలైంది ఈల,
సన్నగా, దారం లేని సూదిలా.
జనం చెవులు మూసుకున్నారు.
మైరిత్ వేళ్ళు గాల్లో ఆగిపోయాయి.
ఉర్వె ముఖంలో ఏ మార్పూ లేదు.
ఇంకా పెంచుతోంది.

నేనే చెయ్యి చాపి మీట కిందికి లాగేశాను.
బల్ల మీది మీట ఆమె ఉండగా ఇంకొకరు ముట్టుకోవడం
అదే మొదలు.

తిట్టలేదు.
"ఉందా, ఈల?" అంది.
"రెండేళ్ళయింది. ఎనిమిది వేల పైన
నాకు మంచు కప్పిన పొలమే.
చెబితే నన్ను ముందు వరసలో కుర్చీ వేసి
చప్పట్లు కొట్టుకోమంటారు."
వానచినుకు ఒకటి బల్ల మీద పడితే చొక్కా చేత్తో తుడిచింది.
"కింది సగం నేను వింటాను. పై సగం నీది."

అరచెయ్యి బల్లకి ఆనించి కూచుంది.
ఉంది, అన్నాను. ఇంకా ఉంది. తగ్గింది.
ఆగు, ఎక్కువ కోశావు, తీగల మెరుపు పోయింది.
కొంచెం వెనక్కివ్వు. ఆఁ.
వేదిక మీదికి బొటనవేలు చూపించాను.
మైరిత్ నావైపు కోపంగా చూసి
మొదట్నుంచి మొదలుపెట్టింది.

ఈసారి ఎవరూ మా వైపు తిరగలేదు.
మూడొందల వీపులు, తడిసిన టోపీలు.
ఒక కుర్రాడి భుజాన పడుకున్న చెల్లెలు మాత్రం
మమ్మల్ని చూస్తూ సూపు చెంచా చప్పరిస్తోంది.

రాత్రి లెక్కకి మైకులు పదహారే వచ్చాయి.
పదిహేడోది డ్రమ్ముల పిల్లాడి బూటులో దొరికింది.
ఎందుకని మేం అడగలేదు.
తీగలు తుడిచి, ఒక చుట్టు పైన, ఒక చుట్టు లోపల,
చేతులు గడ్డి వాసన, రబ్బరు వాసన.
జెనరేటరు ఆపగానే
పొలం ఒక్కసారిగా పెద్దదైపోయింది.

"కీచురాళ్ళున్నాయా?" అంది ఉర్వె.
ఉన్నాయన్నాను.
"ఎటు?"
ఎడమ పక్కన బోలెడు, ఓట్ల చేలో.
కుడి పక్కన ఒక్కటే, అదీ ఆగి ఆగి.

ఆమె కాసేపు ఆలోచించి
కరెంటు లేని బల్ల మీద
కుడి మీటని ఒక్క పిసరు పైకి జరిపింది.

"ఇప్పుడు?"

వెంటనే చెప్పలేదు నేను.
ముందు విన్నాను.